ఐసీయూ దాటాక 32 రోజులు

పాపను పసిబిడ్డల ఐసీయూ (ఎన్ఐసీయూ) నుంచి మా వార్డుకు మార్చిన రోజు వాళ్ల నాన్న మైసూర్‌పాక్ పెట్టె తెచ్చాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మొదలు ల్యాబ్ అబ్బాయి దాకా ఎదురుపడిన ప్రతి ఒక్కరి చేతిలో ఒక ముక్క పెట్టాడు. నా దగ్గరికొచ్చి, "గండం గడిచిపోయింది కదా సిస్టర్, ఇంక ఒక వారంలో ఇంటికి తీసుకుపోవచ్చా?" అన్నాడు. నేను ఏదో చెప్పేలోపే సంతోషంగా పక్క మంచం వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ వారం 32 రోజులైంది. ఆ 32 రోజుల గురించే రాస్తున్నాను.

బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టెప్ డౌన్ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. మాది పుంగనూరు. ప్రాణాపాయం దాటిన పసిబిడ్డలు ఇంటికి వెళ్లే ముందు ఉండేది మా వార్డులోనే. "ఇంక బరువు పెరగడమే కదా" అని బంధువులే కాదు, కొత్తగా చేరిన సిస్టర్లు కూడా అనుకుంటారు. నేను చూసిన పొరపాట్లలో చాలావాటికి మొదలు ఆ మాటే. ఐసీయూలో బిడ్డను మెషీన్లూ, ఒక్కో బిడ్డ మీదే కళ్లు పెట్టుకున్న సిస్టర్లూ కాపాడతారు. మా దగ్గర ఒక సిస్టర్ ముగ్గురు నలుగురు బిడ్డల్ని చూసుకోవాలి. ఇంటికి వెళ్తే సిస్టరే ఉండదు. ఆ బాధ్యత మా చేతుల్లోంచి తల్లి చేతుల్లోకి వెళ్లాల్సింది ఈ రోజుల్లోనే. బిడ్డ ఎన్ని గ్రాములుందన్నది అందులో ఒక చిన్న భాగం మాత్రమే.

తల్లిదండ్రులను అడిగి, వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

మా వార్డుకు వచ్చేసరికి

తల్లికి 24 ఏళ్లు, తొలి కాన్పు. పుట్టినూరు కదిరి దగ్గర పల్లె. భర్త క్యాబ్ నడుపుతాడు, బెంగళూరులోనే హూడీలో అద్దె ఇంట్లో ఉంటారు. ఏడో నెలలో బీపీ 170 దాటి, తలనొప్పి, కళ్లు మసకలతో ఆసుపత్రికి వచ్చింది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల కోర్సు పూర్తికాక ముందే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. సరిగ్గా 29 వారాలకు, 1,120 గ్రాములతో ఆడపిల్ల పుట్టింది.

ఊపిరితిత్తుల్లోకి సర్ఫాక్టెంట్ మందు వేశారు. ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ మెషీన్ మీద 11 రోజులు, ఆ తర్వాత ముక్కు గొట్టంతో ఆక్సిజన్ 18వ రోజు దాకా నడిచింది. 9వ రోజు రక్తంలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ బయటపడింది. అమికాసిన్ కూడా కలిపి 14 రోజులు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. తల స్కాన్‌లో ఎడమవైపు చిన్నపాటి రక్తస్రావం, మొదటి గ్రేడు, అంటే అన్నిటికన్నా తేలికది. తర్వాతి స్కాన్‌కు అది తగ్గిపోయింది.

24వ రోజున మా దగ్గరికి వచ్చింది. అప్పటికి 32 వారాల 3 రోజులు, బరువు 1,280. ఊపిరి తనే తీసుకుంటోంది. ఊపిరి మధ్యలో ఆగకుండా కెఫీన్ మందు నడుస్తోంది. మూడు గంటలకోసారి 24 ఎంఎల్ తల్లిపాలు నోటి గొట్టం ద్వారా, పాలలో బలం కోసం ఫోర్టిఫయర్ పొడి కలిపి.

అమ్మమ్మను అందరం అవ్వా అని పిలిచేవాళ్లం. మొదటి రోజే నాతో అంది: "ఏడో నెల బిడ్డ నిలుస్తాది, ఎనిమిదో నెల బిడ్డే నిలవదంటారు. మాది ఏడో నెలే కదమ్మా." ఈ మాట మా ఊళ్లోనూ విన్నాను. నిజానికి కడుపులో ఉన్న ఒక్కో వారం బిడ్డకు మేలే. కానీ ఆ పూట అవ్వకు ఆ నమ్మకం అవసరం. నేను కాదనలేదు.

మానిటర్ వైపు చూసే తల్లి

24 రోజుల్లో ఆ అమ్మాయి బిడ్డను తాకింది అద్దాల పెట్టె రంధ్రంలోంచి, వేలి కొసతో మాత్రమే. మూడోపూటకు "కంగారూ కేర్ మొదలుపెడదాం, రామ్మా" అంటే రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దక్కా, ఏమైనా అయితే?" అంది.

కుర్చీలో వెనక్కి వాలుగా కూర్చోబెట్టాను. పాపకు టోపీ, డైపర్, సాక్స్ తప్ప ఇంకేం లేవు. రెండు రొమ్ముల మధ్య నిలువుగా, కప్పలాగా కాళ్లూ చేతులూ మడిచి పడుకోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం ఛాతీకి ఆనకుండా కొంచెం పైకెత్తి, మెత్తని నూలు గుడ్డతో కట్టాను. మెడ కిందికి వంగితే గాలిగొట్టం మూసుకుపోతుంది, అందుకే ఆ ఒక్క విషయం ప్రతిసారీ చూసుకోవాలి. తల్లి కొయ్యలాగా బిగుసుకుపోయింది. బిడ్డ వైపు చూడలేదు. కళ్లు మానిటర్ మీదే. ఆక్సిజన్ 93, 91, 94. అంకె తగ్గినప్పుడల్లా ఆమె ఊపిరి ఆగుతోంది.

స్టాండు జరిపి మానిటర్‌ను నా వైపు తిప్పుకున్నాను. "అంకెలు నేను చూస్తా. నువ్వు పెదవుల రంగు చూడు. వీపు మీద అరచెయ్యి పెట్టు, ఊపిరి తెలుస్తుంది" అన్నాను. మొదట్లో చెయ్యి వణికింది. 40 నిమిషాలయ్యేసరికి భుజాలు దిగాయి. ఇంకాసేపటికి నైటీ మీద ఒక పక్క తడి కనిపించింది. పాలు వాటంతట అవే కారుతున్నాయి. అంతకుముందు వారం ఎంత పిండినా పూటకు 15 ఎంఎల్ దాటడం లేదని ఏడ్చిన అమ్మాయి అది. తడి చూసుకుని, "అక్కా, ఇది నాదేనా?" అని అడిగింది.

పది రోజుల్లో పూటకు 60 ఎంఎల్ దాకా వచ్చింది. అవ్వ పథ్యం పేరుతో నీళ్లు తగ్గించి, వెల్లుల్లి కారం అన్నం మాత్రమే పెడుతోంది. ఆ అన్నం జోలికి నేను వెళ్లలేదు. దాహమైనప్పుడల్లా నీళ్లు, పప్పు, ఆకుకూర, గుడ్డు కూడా పెట్టమని మాత్రం గట్టిగా చెప్పాను. అవ్వ గుడ్డు దగ్గర ఆగింది. రెండు రోజులకు అదీ ఒప్పుకుంది.

కంగారూ కేర్ 1978లో కొలంబియాలోని బొగొటాలో మొదలైంది. అక్కడ ఇంక్యుబేటర్లు సరిపోక పుట్టిన ఆలోచన అది. అందుకే ఇది డబ్బు లేనివాళ్ల వైద్యం అని ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. అది తప్పు. 2021లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం మన దేశంతో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లో జరిగింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలకు పుట్టిన వెంటనే కంగారూ కేర్ మొదలుపెడితే, నిలకడ పడేదాకా ఆగి మొదలుపెట్టిన దానికన్నా మరణాలు నాలుగో వంతు తగ్గాయి. 2022 నుంచి ఆ సంస్థ చెప్పేది రోజుకు 8 నుంచి 24 గంటలు. పూటకు ఒక గంట చేసి రిజిస్టర్‌లో టిక్కు పెట్టడం కంగారూ కేర్ కాదని మా సిస్టర్లకు పదేపదే చెప్తుంటాను. మా పాప విషయంలో మాత్రం 24 రోజులు పోగొట్టుకున్నాం. సీపాప్ మీద ఉన్నప్పుడే మొదలుపెట్టి ఉండాల్సింది.

వారం తిరిగేసరికి తల్లి ఒక్కతే రోజుకు 9 గంటలు చేసేది. మధ్యాహ్నం అవ్వ రెండు గంటలు. "మా కాలంలో పక్కలో ఏసుకొని పడుకుంటా ఉంటిమి, ఇదీ అంతే కదమ్మా" అంటూ అందరికన్నా తేలిగ్గా నేర్చుకుంది. రాత్రి డ్యూటీ దిగి తండ్రి వచ్చేవాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, గుండీలు విప్పి కూర్చునేవాడు. పాపను కట్టుకున్న పది నిమిషాలకే ఇద్దరూ నిద్రపోయేవాళ్లు. నిద్రపోతే పక్కన ఒకరు మేలుకుని ఉండాలి, ఆ డ్యూటీ అవ్వది.

మేం చేసిన తప్పు

ఇది దాచకుండా చెప్పాలి. 27వ రోజు రాత్రి పాప ఫైలు మొదటి పేజీ నుంచి చదువుతుంటే, కంటి పరీక్ష రిపోర్టు ఎక్కడా లేదు.

మన దేశంలో పాటించే లెక్క ఇది: 34 వారాల లోపు పుట్టినా, 2,000 గ్రాముల కన్నా తక్కువ బరువున్నా, బిడ్డకు 30 రోజులు నిండేలోపు మొదటి కంటి పరీక్ష అయిపోవాలి. 28 వారాల లోపు పుట్టినా, 1,200 గ్రాముల కన్నా తక్కువున్నా రెండు మూడు వారాలకే చూడాలి. మా పాప 1,120. అంటే 21వ రోజుకల్లా చూసి ఉండాలి. ఆ రోజుకు పేరు రాశారు కూడా. ఇన్‌ఫెక్షన్ పూర్తిగా తగ్గలేదని వాయిదా వేశారు. తర్వాత మూడు రోజులకు వార్డు మారింది. మార్పు నోట్‌లో మందులున్నాయి, పాల లెక్క ఉంది, కంటి పరీక్ష వాయిదా పడిందన్న మాట లేదు. ఐసీయూ వాళ్లు వార్డులో చేస్తారనుకున్నారు. మేం ఐసీయూలో అయిపోయిందనుకున్నాం.

ఎందుకు అంత తొందర అంటే, కంటి వెనక తెర మీద రక్తనాళాలు నెలలు నిండే దాకా పెరుగుతూనే ఉంటాయి. ముందే పుట్టిన బిడ్డకు ఆ పెరుగుదల మధ్యలో ఆగుతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే ఇంకా దెబ్బ. కొన్ని వారాల తర్వాత ఆగిన చోటి నుంచి నాళాలు అడ్డదిడ్డంగా పెరిగి తెరను లాగేస్తాయి. అదే ఆర్‌ఓపీ (రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ). బయటికి కన్ను మామూలుగానే కనిపిస్తుంది. తెల్లగా కనిపించే రోజుకు చేయగలిగింది చాలా తక్కువ. ఇన్‌ఫెక్షన్ వచ్చిన బిడ్డకు, రక్తం ఎక్కించిన బిడ్డకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. కర్ణాటకలో 2008 నుంచి నారాయణ నేత్రాలయ వాళ్ల కిడ్‌రోప్ కార్యక్రమంలో టెక్నీషియన్లు కెమెరాలతో జిల్లాల్లోని శిశు వార్డులకే వెళ్లి, కంటి ఫొటోలు తీసి డాక్టర్లకు పంపుతున్నారు. పల్లెల్లో పుట్టిన బిడ్డల కళ్ల కోసం అంత ఏర్పాటున్న రాష్ట్రంలో, రాజధాని నడిబొడ్డున ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకు వచ్చేలోపు మేం ఈ విషయం జారవిడిచాం.

ఆ రాత్రే డాక్టర్ మేడంకు ఫోన్ చేశాను. 28వ రోజు పొద్దున కంటి డాక్టర్ వచ్చి చూశారు. రక్తనాళాలు ఇంకా అంచు దాకా రాలేదు, జబ్బు లేదు, రెండు వారాలకు మళ్లీ చూడాలి అన్నారు. మేడం తల్లిదండ్రులను కూర్చోబెట్టి, పరీక్ష వారం ఆలస్యమైందనీ అది మా పొరపాటనీ చెప్పారు. తండ్రి ముఖం మారింది, గొడవ మాత్రం చేయలేదు. "ఈసారి డేట్ నాకూ చెప్పండి" అన్నాడు.

అప్పటి నుంచి మా దగ్గర కంటి పరీక్ష తేదీ ఫైల్లో ఉండదు. బిడ్డ మంచానికి వేలాడే కార్డు మీద పైన ఎర్రగా రాస్తాం, అదే తేదీ తల్లి ఫోన్‌లో అలారం పెట్టిస్తాం.

ఉగ్గుగిన్నె

33 వారాలు దాటాక గొట్టం పాలతో పాటు పాలాడతో పట్టడం మొదలుపెట్టాం. పాలాడ చూడగానే అవ్వ నవ్వింది: "ఇదేందమ్మా, మా ఇంట్లో ఉగ్గుగిన్నె!" అదే. కొసదేలిన చిన్న గిన్నె. వాళ్లింట్లో ముగ్గురు పిల్లలు దాంతోనే పెరిగారు. నాకు భయం పట్టుకుంది కూడా అక్కడే. అవ్వకు తెలిసిన బిడ్డలు నెలలు నిండిన బిడ్డలు. వాళ్ల నోట్లో పోస్తే గుటక వేస్తారు. 33 వారాల బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ ఇంకా ఒక తాళానికి రావు. మింగేటప్పుడు ఊపిరి మర్చిపోతుంది.

35వ రోజున, 34 వారాలు నిండాయని కెఫీన్ ఆపారు.

38వ రోజు రాత్రి రెండు గంటల పాలు. తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని పాలాడతో పాలు పడుతోంది, నిద్ర ఆగడం లేదు. ఒక గుటక పడిందో లేదో చూసుకోకుండా రెండోది వంచింది. నేను పక్క మంచం దగ్గర గొట్టం మారుస్తున్నాను. అలారం మోగింది. తిరిగి చూస్తే పెదవుల చుట్టూ నీలం, ముఖం బూడిద రంగు. ఆక్సిజన్ 68, గుండె 82. తల్లి పాలాడ వదిలేసి అలాగే చూస్తోంది.

"పాపను పక్కకు వంచు, వీపు రుద్దు. నువ్వే చెయ్యి" అన్నాను. నేను లాక్కుని చేయొచ్చు. నా చెయ్యి ఊపిరి అందించే బ్యాగ్ మాస్క్ మీదే ఉంది. కానీ ఇంట్లో ఈ పని చేయాల్సింది ఆమే. బిడ్డను కుడివైపు వంచింది, నోట్లోని పాలు కారిపోయాయి, రెండు వేళ్లతో వెన్ను పొడవునా రుద్దింది. సన్నగా ఒక ఏడుపు వచ్చింది. 75, 84, 92. ఇరవై సెకన్లు పట్టి ఉంటుంది. బ్యాగ్ మాస్క్ అవసరం రాలేదు. ఆ తర్వాత ఆ అమ్మాయి గంటసేపు ఏడ్చింది. నేను పక్కనే కూర్చున్నాను.

తెల్లారి యూనిట్‌లో వాదన నడిచింది. గుటకకు ఆగకుండా పోయడం వల్ల వచ్చిందా, కెఫీన్ ఆపాక మూడో రోజు కాబట్టి ఊపిరి ఆగే జబ్బే తిరిగి వచ్చిందా? మళ్లీ ఇన్‌ఫెక్షనా? రక్తహీనతా? పరీక్షల్లో ఇన్‌ఫెక్షన్ లేదు. హిమోగ్లోబిన్ 8.4, ఆక్సిజన్ అవసరం లేని బిడ్డ కాబట్టి రక్తం ఎక్కించాల్సినంత తక్కువ కాదన్నారు. పాలు తాగేటప్పుడు వచ్చినదాన్ని లెక్కలో వేయనక్కర్లేదని ఒక డాక్టర్ అన్నారు. మేడం ఒప్పుకోలేదు. కెఫీన్ మళ్లీ పెట్టలేదు గానీ, ఏడు రోజులు ఒక్కసారి కూడా ఊపిరి ఆగకూడదన్న లెక్కను ఆ రాత్రి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. మేడం చేసిందే సరైనదని నా అభిప్రాయం. కారణం పాలే అయినా, ఆ బిడ్డ తనంతట తాను తేరుకోలేదు, ఎవరో రుద్దాల్సి వచ్చింది.

మరుసటి రోజు తండ్రి వచ్చి, "1,600 అయింది కదా మేడం. సంతకం పెట్టి తీసుకుపోతాం" అన్నాడు. కోపంగా అనలేదు. తల దించుకుని అన్నాడు. అప్పటికే భార్య గాజులు, కమ్మలు కుదువలో ఉన్నాయి. క్యాబ్ ఈఎంఐ రెండు నెలలు ఆగింది. కదిరికి తీసుకెళ్తే అక్కడ ఆడవాళ్లు నలుగురుంటారు, తను రాత్రీ పగలూ బండి నడుపుకోవచ్చని వాళ్ల ఆలోచన. అందులో తప్పుపట్టడానికి ఏముంది? ఇలాంటప్పుడు "బిడ్డ కన్నా డబ్బు ఎక్కువా" అని అడిగే సిబ్బందిని చూశాను. ఆ మాట ఎవరూ అనకూడదు.

మేడం బిల్లు కాగితం ముందు పెట్టుకుని ఏవి తగ్గించగలమో చూశారు. రోజువారీ రక్తపరీక్షలు అక్కర్లేదు, తీసేశారు. బిల్లింగ్ సెక్షన్‌తో మాట్లాడి మంచం చార్జీ కొంత తగ్గించారు. నేను మాత్రం ఆయన్ను ఒకటే కోరాను: "ఈ రాత్రి రెండు గంటల పాలకు మీరే రండి. మీరే పట్టండి." వచ్చాడు. 30 ఎంఎల్ పట్టడానికి 35 నిమిషాలు పట్టింది. ఒక చుక్క, గుటక, ఆగడం, రెండు ఊపిరులు, మళ్లీ చుక్క. మధ్యలో ఒకసారి అంకె 87కు దిగి, ఆయన ఆపగానే పైకి వచ్చింది. గిన్నె కింద పెట్టి చెమట తుడుచుకుని, "ఇంట్లో ఈ మెషీన్ ఉండదు కదా సిస్టర్" అన్నాడు. సంతకం మాట మళ్లీ రాలేదు.

కన్ను

42వ రోజు కంటి పరీక్షలో రెండో దశ ఆర్‌ఓపీ కనిపించింది, వారానికే మళ్లీ చూడాలన్నారు. 45వ రోజుకు ఊపిరి లెక్క ఏడు రోజులు నిండింది. ఆరు వారాల టీకాలు 46వ రోజు వార్డులోనే వేశారు. టీకాల తేదీకి పుట్టిన రోజే లెక్క, నెలలు నిండని బిడ్డ అని వెనక్కి జరపరు. వేశాక కొందరికి ఊపిరి తడబడుతుంది కాబట్టి రెండు రోజులు మానిటర్ మీద ఉంచాం. బరువు 1,760. బస్సు టికెట్లు చూసుకుంటున్నామని అవ్వ చెప్పింది. డాక్టర్లలో కూడా ఒకరు, "ఇంటికి పంపి 49వ రోజు రమ్మందాం" అన్నారు. హూడీ ఇంటికైతే నేనూ సరేననేదాన్ని. వాళ్లు వెళ్లేది కదిరికి. పచ్చి బాలింత, చంటిబిడ్డ బస్సులో వచ్చి, మూడు రోజులకే మళ్లీ బస్సెక్కి వస్తారా? ఇంకో మూడు రోజులు ఉండమని అడిగాం.

49వ రోజు పొద్దున పాపను గుడ్డలో చుట్టి నేనే పట్టుకున్నాను. కంటిపాప విచ్చుకునే చుక్కలు ముందే వేశాం. పాలు గంట ముందే అయిపోవాలి, లేకపోతే పరీక్ష ఒత్తిడికి కక్కుకుంటుంది. రెప్పలు తెరిచి పట్టే క్లిప్పు పెట్టగానే ఏడ్చిన ఏడుపు నాకు ఎప్పుడూ అలవాటు కాదు. నాలుక మీద తల్లిపాల చుక్కలు వేస్తూ ఉన్నాను. డాక్టర్ లెన్స్ దించి, రెండో కన్ను చూసి, మళ్లీ మొదటి కన్ను చూశారు. మూడో దశ, రక్తనాళాలు ఉబ్బి మెలికలు తిరిగాయి, రెండు కళ్లకూ లేజర్ చేయాలి, రేపే అన్నారు. ఇలాంటప్పుడు రెండు మూడు రోజుల్లోపే వైద్యం అయిపోవాలి.

వారం కిందట లేనంత ముప్పు ఆ రోజు ఉంది. ఆ రోజు వాళ్లు కదిరిలో ఉండి ఉంటే ఏమయ్యేదన్నది ఇప్పటికీ నాకు నిద్రలో గుర్తొస్తుంది.

50వ రోజు లేజర్ అయింది. ఆ రాత్రి రెండుసార్లు ఆక్సిజన్ పడిపోయింది, వీపు తడితే తేరుకుంది. రెండు రోజులు పాలు మళ్లీ గొట్టంతోనే. అవ్వ మాత్రం ఎవరు అడిగినా "కంట్లో చిన్న పొర ఉన్నింది, తీసేసినారు" అని చెప్పేది. పొర కాదని నేను రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. తారీకులు మర్చిపోకుండా ఉంటే నాకదే చాలు.

మానిటర్ తీసేసిన రెండు రాత్రులు

ఇంటికి పంపే ముందు రెండు రాత్రులు తల్లీ బిడ్డలను పక్క గదిలో మానిటర్ లేకుండా ఉంచుతాం. సిస్టర్ తలుపు బయటే ఉంటుంది, పిలిస్తేనే లోపలికి వెళ్తుంది. అప్పటికి పాప ఎక్కువగా రొమ్ము పాలే, రోజుకు రెండు మూడుసార్లు పాలాడతో తీసిన పాలు. మొదటి రాత్రి తల్లి నాలుగుసార్లు పిలిచింది. "టెన్షన్‌గా ఉందక్కా, ఊపిరి వినిపించడం లేదు." నాలుగుసార్లూ బిడ్డ హాయిగా నిద్రపోతోంది. రెండో రాత్రి ఒక్కసారి పిలిచింది, అదీ డైపర్ అయిపోయిందని.

మందుల విషయంలో ఎక్కువసేపు కూర్చుంటాను. ఐరన్ చుక్కల సీసాలో ఒక కంపెనీది ఎంఎల్‌కు 10 మిల్లీగ్రాములుంటే ఇంకో కంపెనీది 25 ఉండొచ్చు. విటమిన్ డి కూడా అంతే. షాపులో "అదే మందమ్మా, కంపెనీ వేరే" అని ఇస్తారు. తల్లి అదే ఎంఎల్ పోస్తే మోతాదు రెండింతలు దాటిపోతుంది. అందుకే ఖాళీ సీసా తీసుకెళ్లి అదే కొనమంటాను. సిరంజి మీద 0.4 దగ్గర నేనే మార్కర్‌తో గీత గీసి, నా ముందే మూడుసార్లు తీయించాను. తండ్రి చేత కూడా.

సాంబ్రాణి దగ్గర అవ్వతో పేచీ వచ్చింది. స్నానం చేయించి సాంబ్రాణి పొగ పట్టకపోతే బిడ్డకు పడిశం పట్టదా అంటుంది. ఇన్ని రోజులు సీపాప్ మీద ఉన్న ఊపిరితిత్తులవి, పొగ అస్సలు పనికిరాదని చెప్పాను. ముక్కులో ఆముదం చుక్కలు, వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాయడం, కంట్లో కాటుక కూడా వద్దన్నాను. "అన్నీ వద్దంటే ఇంక అవ్వ ఎందుకమ్మా?" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. "అవ్వా, మధ్యాహ్నం రెండు గంటలు కట్టుకుంటావే, అది మూడు గంటలు చెయ్యి" అన్నాను. గది వెచ్చగా ఉంచడం, వచ్చినవాళ్లు చేతులు కడుక్కున్నాకే బిడ్డను ముట్టుకోనివ్వడం, దగ్గు జలుబు ఉన్నవాళ్లను గడప దాటనివ్వకపోవడం అవ్వకే అప్పగించాం. చుట్టాలను ఆపగలిగేది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

వినికిడికి బెరా పరీక్ష చేశాం, చెవితో పాటు దాని నరం కూడా పనిచేస్తోందా అని చూసేది. ఐసీయూలో ఉన్న బిడ్డలకు చెవి నుంచి వచ్చే ప్రతిధ్వని చూసే చిన్న పరీక్ష ఒక్కటే సరిపోదు. చెవి బాగుండి నరం దెబ్బతిన్నా అందులో పాస్ అవుతారు. పైగా వినికిడిని దెబ్బతీయగల అమికాసిన్ వాడిన బిడ్డ. కుడి చెవి పాస్, ఎడమ చెవి మళ్లీ చేయాలన్నారు.

56వ రోజు, 37 వారాలకు, 1,970 గ్రాములతో ఇంటికి వెళ్లింది. కదిరికి కాదు, హూడీకి. కంటి పరీక్షలు వారం వారం ఉన్నాయని అవ్వే ఇక్కడ ఉండిపోయింది.

ఆ తర్వాత

మూడో రోజుకు ఒకసారి, తర్వాత మూడు కిలోలయ్యే దాకా వారం వారం వచ్చారు. నెలకు బెరా మళ్లీ చేస్తే రెండు చెవులూ బాగున్నాయి. లేజర్ తర్వాత కంటి తెర నెమ్మదిగా సర్దుకుంది.

నాలుగు నెలలప్పుడు తల్లి ఒక రోజు భయంగా ఫోన్ చేసింది. పక్కింటి బిడ్డ రెండు నెలలకే నవ్వింది, మాది ఇంకా నవ్వడం లేదక్కా, కళ్లు కనిపిస్తున్నాయా అసలు, అని. పాప 11 వారాలు ముందు పుట్టింది. ఎదుగుదల చూసేటప్పుడు రెండేళ్ల దాకా ఆ 11 వారాలు తీసేసి లెక్క వేయాలి. అలా చూస్తే ఆ రోజుకు పాపకు ఇంకా ఆరు వారాలు. డిశ్చార్జి రోజు ఇదంతా చెప్పాను, కాగితం మీద రాసిచ్చాను కూడా. అయినా పక్కింటి బిడ్డ కళ్ల ముందు నవ్వుతుంటే కాగితం గుర్తుకు రాదు. అందుకే ఇప్పుడు ఫాలో అప్ పుస్తకంలో బిడ్డ వయసు రాసే చోట రెండు వయసులూ పక్కపక్కన రాస్తున్నాం. పది రోజులకు వీడియో పంపింది. ఫ్యాన్ వైపు కాదు, అవ్వ ముఖం వైపే చూసి నవ్వుతోంది.

ఆ 11 వారాలు తీసేసిన లెక్క ప్రకారం మూడు నెలలప్పుడు నరాల పరీక్షలో ఎడమ తొడ కొంచెం బిగుసుగా ఉందని తేలింది. ఫిజియోథెరపిస్ట్ నేర్పిన కదలికలు రోజూ డైపర్ మార్చే ప్రతిసారీ చేయమన్నారు. ఆరు నెలలకు బిగుతు బాగా తగ్గింది, ఆనుకుని కూర్చుంటోంది. తగ్గిందని వదిలేయలేదు, రెండేళ్ల దాకా చూడాలి. కంటికి మైనస్ రెండు వచ్చింది. లేజర్ చేసిన కళ్లలో దూరపు చూపు తగ్గడం మామూలే. ఇప్పుడే అద్దాలు అక్కర్లేదు, మూడు నెలలకు మళ్లీ చూస్తామన్నారు.

మొన్న 11వ నెల వచ్చింది. పొద్దున ఏడింటికే తండ్రి ఫోన్.

"సిస్టర్, 14న కంటి చెకప్ ఉంది. కదిరిలో పుట్టువెంట్రుకలు తీయించడానికి మావాళ్లు అదే రోజు పెట్టారు. చెకప్ ముందుకు జరపడానికి అవుతుందా? చూపించుకునే వెళ్తాం."

కంటి ఓపీకి ఫోన్ చేసి కనుక్కున్నాను. 12న ఖాళీ లేదు, 11న ఉంది. ఆ రోజు ఆయనకు ఎయిర్‌పోర్టు బుకింగ్ ఉందట. ఒక్క క్షణం ఆగి, "పదకొండే రాయండి సిస్టర్" అన్నాడు.